ముట్లుడిగిన మేను

ఆడుపిల్ల రజస్వల యగుట మన యిండ్లలో నొక పండుగ. పేరంటాండ్రను బిలిచి, పిల్లను పీటపై గూర్చుండబెట్టి, చిమ్మిలి పంచిపెట్టి, హారతులిచ్చి పదిమందికిని దెలియజేయుదుము. సీమంతమును నంతే. ఆ వచ్చినది మరలిపోవునప్పుడు మాత్రము పేరంటము లేదు సరికదా, ఇంటిలోనున్న కోడలికైనను దెలియదు. తల్లి కూతురితో జెప్పదు, అక్క చెల్లెలితో జెప్పదు. సుశ్రుతుడు పండ్రెండవయేట మొదలగు రజస్సు ఏబదియేండ్లకు క్షీణించునని లెక్క జెప్పి యూరకుండెను. మన ప్రబంధకవులు సరేసరి. నాయిక మేనిచాయను వర్ణించుటకు వారికి వందలకొలది పద్యములు చాలలేదు గాని, ఆ నాయికకు పదునెనిమిదేండ్లు దాటిన పిమ్మట ఆమె చర్మమేమైనదో యొక్కరును విచారింపలేదు. ఒక్క శబరిని మాత్రము ముదుసలిగా మనము తలచుకొందుము. ఆమె పేరుగల నది మాకు దిగువను కూనవరముకడ గోదావరిలో గలియుచున్నది.

గడచిన వేసవిలో ఒకే వారమున నిద్దరు స్త్రీలు ఒకే మందును గూర్చి మమ్మడుగుటచే నీ సంగతులు వ్రాయవలసివచ్చినది. మేము వైద్యము నేర్చినవారము కాము. మా తండ్రిగారు ఇంటివద్దనే భారత భాగవతములను, కొంత సంస్కృతమును జెప్పిరి. అంతియే మా చదువు. అయినను బడిపంతులుగారి భార్య యనగా కాగితము చదివి యర్థము చెప్పగలదని యూరిలో నొక నమ్మకము. ఆ యిద్దరిలో నొకరు మా వదినగారు, అనగా మా వారి యప్పగారు. రెండవ యామె మా పొరుగింటి యిల్లాలు, కాగితపు మిల్లులో నుద్యోగము చేయువారి భార్య. అడిగిన మందు ఈస్ట్రోజెను అను హార్మోను. ఇద్దరికిని కావలసినది చర్మము బాగుపడుట. ఇద్దరికిని వచ్చిన సమాధానములు వేరు. ఏల వేరైనవో చెప్పుటయే మా యుద్దేశము.

మా సారపాక నెరుగనివారికి రెండు మాటలు. భద్రాచలము గోదావరికి ఆవలియొడ్డున నున్నది, మేము ఈవలియొడ్డున నున్నాము. 1965 లో వంతెన పడినది మొదలు రెండూళ్ళును ఒక్కటే యైనట్లున్నవి. 1979 నుండి ఇచట కాగితపు మిల్లు నడచుచున్నది. చుట్టును అడవి, ఆ యడవి యంచున జామాయిలు తోటలు, మిరపచేలు. మే మాసమున ఎండ 45 డిగ్రీలను దాటు దినములు కలవు. ఆ యెండలోనే కోయస్త్రీలు తునికాకు కోయుదురు. ఇట్టి యూరిలో నొక స్త్రీ "ఒళ్ళు మండుచున్నది, నిద్ర లేదు, చర్మము పగులుచున్నది" యనిన యెడల, విన్నవారందరును ఆకాశమువంక జూచి, "మే నెల గదా!" యందురు. రోగము దాగుటకు మా యూరి యెండవంటి చాటు మరియొకటి లేదు.

మా వదినగారికి ముప్పదితొమ్మిదేండ్లు. బూర్గంపాడు ప్రక్క పల్లెలో మిరపసేద్యము. ఐదేండ్ల క్రిందట తెల్లబట్టయు నడుమునొప్పియు బాధింపగా నొక పట్టణములోని ప్రైవేటు ఆసుపత్రికి బోయిరి. "సంచి పాడైనది, ఉంచిన కాన్సరగును" అని యచట జెప్పి గర్భసంచిని దీసివేసిరి. నాటినుండి ఆమెకు ముట్టు లేదు. "పీడ వదిలింది, చేనిపని చేసుకుంటున్నా" నని ఆమె మొదట సంతసించినమాట నిజము. మిరపకోతలకు బోవు స్త్రీలలో నట్లు సంతసించువారు పెక్కురు కలరు, వారిని మనము తప్పుపట్టలేము.

వేసవిలో పదిదినములుండి పోవుటకు వచ్చినప్పుడు ఆమె చేతులు చూచితిమి. ముంజేతి చర్మము ఉల్లిపొరవలె నున్నది. గాజు తగిలినచోటనెల్ల నల్లగా గమిలియున్నది. పిక్కలు ఎండిన చెరువుమట్టివలె బీటలుదేరినవి. రాత్రివేళ దీపమార్పిన తరువాత గోకుకొను చప్పుడు మా గదిలోనికి వినవచ్చెడిది. అడిగిన, "చీమలు పాకినట్టుంటదమ్మాయీ. లేచి దీపం పెట్టి చూస్తే ఒక్క చీమా ఉండదు" అనిరి. మఱునాడు తలంటి కొబ్బరినూనె పట్టించుచుండగా, "ఎంత రాసినా తాగేస్తది ఈ తోలు" అని నవ్విరి. ఆ నవ్వు మాకు నచ్చలేదు.

అంతకు ముందు ఆమె చేసిన వైద్యమిది: మందులకొట్టులో తామరకని యిచ్చిన యొక లేపనమును ఎనిమిదిమాసములు పూసికొనిరి. పూసిన గంటకు దురద తగ్గును, మానిన మరల వచ్చును. దానిలో స్టెరాయిడు కలదని పిమ్మట దెలిసినది. స్టెరాయిడు దురదను అణచునదియే గాని, నెలలతరబడి పూసినచో చర్మమును మరింత పలుచన చేయును. ఇట్టివానిని వైద్యుని చీటి లేక అమ్మరాదని 2018 లో ప్రభుత్వము కట్టడి చేసియున్నను, పల్లెటూరి కొట్టులలో ఆ కట్టడి యెంతవరకు సాగుచున్నదో చదువరులకు దెలియనిది కాదు.

భద్రాచలమున స్త్రీవైద్యురాలియొద్దకు దీసికొనిపోవుటకు ముందు మా వారు, "అక్కా, ఆపరేషను కాగితమేమైన నున్నదా?" యని యడిగిరి. ట్రంకుపెట్టె అడుగున, పట్టాదారు పాసుపుస్తకముతోగూడ, ఇంగ్లీషులో వ్రాసిన యొక డిశ్చార్జి కాగితము దొరకినది. మా వారు దానిని రెండుసార్లు చదివి, మాటలాడక మా చేతికిచ్చిరి. గర్భసంచితో బాటు రెండు అండాశయములును దీసివేసినట్లు అందు వ్రాసియున్నది. ఐదేండ్లుగా ఆ కాగితము ఆ పెట్టెలోనే యున్నది. ఆమెకు గాని, మా యన్నగారికి గాని, సంతకము పెట్టిన అత్తగారికి గాని ఆ సంగతి దెలియదు. "సంచి ఒక్కటే అన్నారు" అని ఆమె పలుమార్లు అనిరి.

ఇచట కొంచెము నిలిచి, ఈ రెంటికి గల భేదమును జెప్పవలెను. గర్భసంచి బిడ్డ పెరుగు చోటు. అది పోయిన ముట్టు ఆగును గాని హార్మోను ఆగదు. అండాశయములు వేరు, బాదముగింజలంత యుండి, గర్భసంచికి ఇరువైపుల నుండును. ఈస్ట్రోజెనును ముఖ్యముగా తయారుచేయునవి అవి. సహజముగా ముట్లుడుగు స్త్రీకి ఈ హార్మోను కొన్నియేండ్లలో మెల్లమెల్లగా తగ్గును. మన దేశపు స్త్రీలకు సగటున నలుబదియాఱు, నలుబదియేడేండ్ల కది జరుగుచున్నది. శస్త్రముతో దీసినవారికో, ఉదయము ఆసుపత్రి బల్లపై బండుకొనినప్పుడున్నది సాయంకాలమునకు లేదు. ముప్పదినాల్గేండ్ల స్త్రీ ఒక్కదినములో ఏబదిరెండేండ్ల మేనిలోనికి బ్రవేశించును. అండాశయముల నుంచి, సంచిని మాత్రమే తీసినవారికిని అవి యొక్కొక్కప్పుడు కొన్నియేండ్లు ముందుగనే ఉడిగిపోవును. ముట్టు లేదు గనుక అది యెప్పు డుడిగినదో వారికి దెలియుటకు క్యాలెండరు పనికిరాదు. ఆవిరులు, నిద్రలేమి, కీళ్ళనొప్పులు, చర్మము - ఇవియే వారికి వార్త దెచ్చునవి.

వైద్యురాలు మొదట హార్మోనుమాట ఎత్తనేలేదు. చక్కెరవ్యాధి, థైరాయిడు, కాలేయము, మూత్రపిండములు - వీనిలో ఏది చెడినను ఒడలు దురదపెట్టునని రక్తపరీక్షలు చేయించిరి. అవి యన్నియు బాగుగనే యున్నవి. స్టెరాయిడు లేపనమును మాన్పించిరి. పిదప కాగితము చూచి, "అమ్మా, ఐదేండ్లుగా మీరు ఏ హార్మోనును వాడలేదా? ఎవరును చెప్పలేదా?" యని యడిగిరి. చెప్పలేదు.

చర్మమునకును అండాశయమునకును ఏమి సంబంధమని మేమడిగితిమి. ఆమె చెప్పినదియు, తరువాత మా వారు తెచ్చిన పుస్తకములలో మేము చదివినదియు గలిపి మాకు దెలిసినంత చెప్పుదుము. చర్మపు కణములలో ఈస్ట్రోజెను మాట వినుటకు చెవులవంటివి గలవు. ఆ మాట వినబడినంతకాలము చర్మము తన పని తాను జేసికొనును: క్రిందిపొరలో కొల్లాజెను అను నారను నేయును, నీటిని పట్టియుంచును, కొంత జిడ్డును ఊరించును, గాయములను త్వరగా పూడ్చును. ఆ కొల్లాజెనును నులకమంచపు నులక యనుకొనుడు. నులక బిగువుగా నున్నంతకాలము మంచము పడుకొనినవారిని మోయును. వదులైన పట్టె లొడలికి దగులును. ముట్లుడిగిన మొదటి యైదేండ్లలో చర్మపు కొల్లాజెను ఇంచుమించు నూటికి ముప్పదివంతులు తగ్గునని, ఆ పిమ్మట ఏటేట రెండువంతుల చొప్పున తగ్గుచుబోవునని వైద్యుల లెక్క. ఇది వయస్సువలన గాక హార్మోను లేమివలన గలుగునది. కనుకనే ముప్పదితొమ్మిదేండ్ల మా వదినగారి ముంజేయి మా యత్తగారి ముంజేతివలె నున్నది.

ఈ నులకయే ఎముకలోను గలదు. ఎముక యనగా సున్నమని మనమనుకొందుము. ఆ సున్నము పేరుకొనుటకు లోపలనున్న యల్లిక కొల్లాజెనే. 1941 లో అమెరికాలో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అను వైద్యుడు, ముట్లుడిగిన పిమ్మట ఎముకలు గుల్లబారిన స్త్రీలను పరీక్షించుచు, వారి చర్మము గూడ పలుచబడియుండుట గమనించి వ్రాసెను. అనగా చేతిపై గనబడుచున్నది లోపల గనబడనిదానికి సాక్ష్యము. వైద్యురాలు మా వదినగారి చేతిని దీపమునకెదురుగా బట్టి చూచి, "ఈ దురదకన్న నాకు మీ వెన్నెముక భయము" అని ఎముకల సాంద్రత పరీక్ష వ్రాసియిచ్చిరి. పట్టణమునకు బోయి చేయించితిమి. వయస్సుకు దగినంత గట్టిదనము లేదని వచ్చినది.

ఇది యొక్క మా యింటి కథయే యైనచో పత్రికకు వ్రాయుదుమా? 2015-16 లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి 3.2 వంతులుండగా, తెలంగాణమున 7.7, ఆంధ్రప్రదేశమున 8.9 గా దేలినది. రాష్ట్రములన్నిటిలో మొదటి రెండు స్థానములును తెలుగువారివే. ఇట్టి ప్రథమస్థానము మనకు వలదు. అనవసరమైన ఈ శస్త్రచికిత్సల నరికట్టుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022 లో మార్గదర్శకములను వెలువరించినది. వానిని మూడుమాసములలో నమలునకు దేవలెనని 2023 ఏప్రిలులో సుప్రీముకోర్టు రాష్ట్రముల నాజ్ఞాపించినది. ఇకముందు జరుగవలసినదానికి అవి మేలుచేయును గాక. ఇదివరకే జరిగిపోయినవారి మాట యేమి? వారు మన వీథులలోనే, మన చేలలోనే గోకుకొనుచు, ఆవిరులు గ్రక్కుచు, అంతయు ఎండయే యనుకొని తిరుగుచున్నారు.

మా వదినగారి విషయమున వైద్యురాలు సందేహింపలేదు. నలుబదియేండ్లకు ముందే అండాశయములు పోయినవారికి, రొమ్ము కాన్సరు, రక్తము గడ్డకట్టు జబ్బు, పక్షవాతము, గుండెపోటు, కాలేయవ్యాధివంటి అడ్డంకులు లేనియెడల, సహజముగా ముట్లుడుగు వయస్సువరకైనను, అనగా ఇంచుమించు ఏబదియేండ్లవరకు, ఈస్ట్రోజెను నిచ్చుట మేలని నేటి వైద్యలోకపు మాట. పోయినదానిని మరల నిచ్చుటయే గాని, ఇది ఎక్కువ నిచ్చుట కాదు. ఎముకకును గుండెకును దానివలన రక్ష. చర్మమునకు గలుగు మేలు దానితోబాటు వచ్చునది. ఆమెకు గర్భసంచి లేదు గనుక ఈస్ట్రోజెను ఒక్కటియే చాలును. సంచి యున్నవారికి దానితోగూడ ప్రొజెస్టిరోను గూడ నీయవలెను. లేనిచో సంచి లోపొర మితిమీరి పెరిగి కాన్సరునకు దారితీయును. ఈ సంగతి 1975 ప్రాంతమున అమెరికాలో పెక్కుమంది స్త్రీలు నష్టపడిన పిమ్మట దెలిసినది. మా వదినగారికి మాత్రలకు బదులుగా తొడపై రాచుకొను జెల్లు నిచ్చిరి. చర్మముద్వారా పోవు మందువలన రక్తము గడ్డకట్టు భయము మాత్రలకన్న తక్కువయట. చర్మము కొరకు వచ్చినవారికి చర్మముద్వారానే మందు పోవుట విని ఆమె, "బాగానే ఉంది" అనిరి.

ఇక మా పొరుగింటి యిల్లాలి సంగతి. ఆమెకు ఏబదిమూడేండ్లు. సహజముగనే ముట్లుడిగి మూడేండ్లైనది. ఆవిరులు లేవు, నిద్ర చక్కగా బట్టును. మాఘమాసమున కూతురి పెండ్లి. హైదరాబాదునుండి వచ్చిన చుట్టము ఒకామె, "హార్మోను వాడితే ముఖం పదేళ్ళు వెనక్కి పోతుంది" అని యామె మనస్సును గలచివేసినది. పెండ్లికూతురితల్లి ముఖము పదిమంది యెదుట బాగుండవలెననుకొనుట తప్పు గాదు. అట్టివారిని పరిహసించువారిని మేమెరుగుదుము. వారి పెట్టెలలో నెన్ని పౌడరుడబ్బాలు గలవో గూడ నెరుగుదుము.

అయినను వైద్యురాలు కాదనిరి. కేవలము చర్మము కొరకు ఈ మందును వాడరాదనుటకు ఆమె చెప్పిన కారణములు మాకు సబబుగా దోచినవి.

మొదటిది, మందు ముడుతలను దీయునని నమ్మకముగా జెప్పలేము. లండనులో బ్రింకాట్ మొదలగు వైద్యులు 1983 లో ప్రకటించినదానిలో, హార్మోను గుళికలు పెట్టించుకొన్న స్త్రీల చర్మములో కొల్లాజెను, పెట్టించుకొననివారికన్న నూటికి 48 వంతులు అధికముగా నుండెను. ఇది విన్నవారికి ఆశ పుట్టుట సహజము. కాని అది చీట్లు వేసి యెవరి కేది వచ్చినదో తెలియకుండ జేసిన పరీక్ష కాదు. అట్లు చేసిన పరీక్ష యొకటి 2008 లో వెలువడినది. 485 మంది స్త్రీలకు 48 వారములు తక్కువ మోతాదు హార్మోను గాని, వట్టి మాత్ర గాని యిచ్చి చూచిరి. ముడుతలలో చెప్పుకొనదగిన భేదము గనబడలేదు. నులక బిగిసినంతమాత్రమున దుప్పటి ముడుత పోదు గదా! మరియు ముఖముపై ముడుతలలో సగము పని యెండది. తునికాకు కోయు నలుబదియేండ్ల స్త్రీ ముఖమును, వాకిలి దాటని ఏబదియేండ్ల స్త్రీ ముఖమును ప్రక్కప్రక్కన జూచిన నిది తెలియును. వారిద్దరి కడుపుపై చర్మము జూచిన వేరుమాట చెప్పును.

రెండవది, మందుకు దాని వెల యున్నది. 2002 లో అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జేసిన పెద్ద పరీక్ష ఫలితము వెలువడినప్పుడు ప్రపంచమంతయు ఉలికిపడినది. ఈస్ట్రోజెను, ప్రొజెస్టిరోను జాతి మందు రెండును గలిపి వాడినవారిలో పదివేలమందికి ఏటికి 38 మందికి, వాడనివారిలో 30 మందికి రొమ్ము కాన్సరు వచ్చెను. ఎనిమిదిమంది యెక్కువ. ఆ స్త్రీల సగటు వయస్సు 63 ఏండ్లు. 2004 లో, గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెను నొక్కదానినే యిచ్చిన పరీక్షలో రొమ్ము కాన్సరు పెరుగలేదు, పక్షవాతము మాత్రము పెరిగినది. ఏబదియేండ్ల ప్రాంతమున, ఆవిరులతో బాధపడువారు వాడినచో మేలే యెక్కువయని ఇప్పుడు పలువురు వైద్యుల యభిప్రాయము. 2025 నవంబరులో అమెరికా ఔషధనియంత్రణశాఖ ఈ మందుల డబ్బాలపైనున్న కఠినమైన హెచ్చరికలను పెక్కింటిని తొలగించుటకు బూనుకొనినది. ఆవిరులకు, ఎముకలకు వాడువా రా వెలను చెల్లించి కొనునది యేమో వారికి దెలియును. ముడుతలకు వాడువారు వెల చెల్లించి సంతనుండి వట్టిచేతులతో రావచ్చును.

మూడవది, మనవంటి చామనచాయ మేనివారికి ఈ హార్మోనువలన మంగు వచ్చుటకు, ఉన్నది ముదురుటకు నవకాశము గలదు. ఎండ తోడైన మరియును. పెండ్లినాటికి ముఖము తెల్లనగుటకు మారు, చెక్కిళ్ళపై మంగు పేర్చుకొని కూర్చుండవలసివచ్చును.

ఈ మందు చరిత్రయే ఒక విచిత్రము. ఈస్ట్రోజెను జాతి పదార్థమును శుద్ధముగా వేరుచేసినది 1929 లో. 1942 లో అమెరికాలో చూలుగుర్రముల మూత్రమునుండి తీసిన మాత్ర అమ్మకమునకు వచ్చినది. 1966 లో ఒక వైద్యుడు, స్త్రీ యెన్నడును ముదుసలి కానవసరము లేదని పుస్తకము వ్రాసి లక్షలమందిచే నీ మాత్రను మ్రింగించెను. తొమ్మిదేండ్లకు గర్భసంచి కాన్సరుమాట బయటపడి మాత్రను బారవేసిరి; మరల దెచ్చుకొనిరి; 2002 లో మరల బారవేసిరి. ఈ తెచ్చుకొనుటలో, పారవేయుటలో నిజముగా కావలసినవారికి, అనగా మా వదినగారివంటివారికి, అందవలసిన మందును అందకుండబోయినది. యౌవనమును అమ్మజూచినవారి పాపము రోగులకు దగిలినది.

పొరుగింటి యిల్లాలు కొంత చిన్నబుచ్చుకొనిరి గాని, వైద్యురాలు ఆమెను వట్టిచేతులతో బంపలేదు. ఇద్దరికిని ఒకటే దినచర్యను వ్రాసియిచ్చిరి. అందు చదువరుల కుపయోగించునవి యివి. సలసలకాగు నీళ్ళు మానవలెను. గోరువెచ్చని నీళ్ళతో త్వరగా స్నానము ముగింపవలెను. మా యూరి బోరునీళ్ళలో సబ్బు నురుగు గట్టదు, ఆ తెట్టు చర్మముపై నిలిచి మరింత యెండజేయును. కనుక సబ్బును చంకలకు, గజ్జలకు, పాదములకు పరిమితము చేయుట మేలు. సున్నిపిండి వాడువారు వాడవచ్చును గాని పలుచబడిన చర్మమును దానితో గరగర రుద్దరాదు. తుడుచుకొని చెమ్మ పూర్తిగా నారకముందే కొబ్బరినూనెయో, వాజలైనో పూయవలెను. మనము ఒడలారిన గంటకు నూనె రాచుకొందుము. చెమ్మ పోయినపిదప నూనె దేనిని పట్టియుంచును? ఎండలోనికి బోవునప్పుడు గొడుగు గాని, తలపై కొంగు గాని యుండవలెను. ముఖమునకు సన్‌స్క్రీను రాచుకొనవలెను. పప్పు, పాలు, గ్రుడ్డు తినువారు గ్రుడ్డు మానరాదు. పొగాకు కూడదు, చుట్ట కాల్చు స్త్రీలకు ముట్లే యొకటి రెండేండ్లు ముందుగా నుడుగును, చర్మము సంగతి చెప్పనక్కరలేదు. మిరపకోతకు బోవువారు చేతితొడుగులు లేకుండ బోరాదని మా వదినగారికి ప్రత్యేకముగా జెప్పిరి. "చేతితొడుగులతో కాయ తెగదు" అని యామె అచటనే వాదమునకు దిగిరి. ఆ వాదమింకను దీరలేదు.

మరియొక సంగతి పత్రికలో వ్రాయవచ్చునా యని సంకోచించి, వ్రాయకుండుట ద్రోహమని తలచి వ్రాయుచున్నాము. ఒడలి చర్మము పొడిబారినట్లే గుహ్యస్థానపు చర్మమును బొడిబారి, మంటయు, పలుమారు మూత్రపు బాధయు గలుగును. మూత్రపు మందులు ఎన్ని మ్రింగినను అది పోదు. దానికి లోపల రాచుకొను తక్కువ మోతాదు ఈస్ట్రోజెను లేపనము గలదు. అది యొడలిలోనికి బహుకొద్దిగా బోవునది గనుక పెద్దవయస్సువారికిని వైద్యులు వ్రాయుదురు. సిగ్గుపడి పదేండ్లు బాధపడినవారిని మేమెరుగుదుము.

మా వదినగారు జెల్లు మొదలుపెట్టి ఆఱుమాసములైనది. మొదటి నెలలో నిద్ర వచ్చినది. మూడవ నెలకు చీమలు పోయినవి. ముంజేతి కమిలినమచ్చలు తగ్గినవి, పిక్కలు నూనెను ద్రాగుట మానినవి. నుదుటిగీతలు ఎట్లుండెనో యట్లే యున్నవి. ఆ గీతలలో మిరప ధర పడిపోయినందువలన వచ్చినవెన్నో, హార్మోను లేనందువలన వచ్చినవెన్నో వైద్యురాలైనను చెప్పలేరు. ఏటేట రొమ్ముపరీక్ష, రక్తపుపోటు చూపించుకొనుట, రెండేండ్లకు మరల ఎముకల పరీక్ష చేయించుట ఒప్పుకొనిరి. జెల్లు ఖర్చు నెలనెల దగులుచున్నది. మా యన్నగారు మొదట గొణిగి, ఎముక విరిగిన నయ్యెడు ఖర్చును మా వారు కాగితముపై వేసి చూపగా నూరకుండిరి.

ఆమె ఊరికి బోయిన పిమ్మట, ఆ పల్లెనుండి ముగ్గురు స్త్రీలు మా యింటికి వచ్చిరి. ముగ్గురును నలుబది లోపువారే, ముగ్గురికిని సంచి తీసినవారే. ఇద్దరు కాగితములు దెచ్చిరి. ఒకరి కాగితములో అండాశయములు ఉంచినట్లున్నది. రెండవదానిలో ఒకటి తీసి, యొకటి యుంచినట్లున్నది. మూడవ యామె చేతులు ఖాళీ. 2022 జూలైలో భద్రాచలముకడ గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వారి యింట నీరు బ్రవేశించి, పెట్టెతోబాటు కాగితములు పోయినవట. శస్త్రము చేసిన ఆసుపత్రి యిప్పుడు ఆ పట్టణములో లేదు. స్కానింగు చేసిన, ఒక రక్తపరీక్ష చేసిన, అండాశయములున్నవో లేవో, పనిచేయుచున్నవో లేదో దెలియునని వైద్యురాలు జెప్పియుండిరి. సోమవారము ఆమెను వెంటబెట్టుకొని వంతెన దాటుటకు నిశ్చయించితిమి. కూలి పోవునని ఆమె వెనుకాడుచుండగా, మా వదినగారు ఫోనులో, "ఒక్క రోజు కూలి నేనిస్తా, పో" అనిరి.